నలభయ్యో రోజు

మా రొయ్యల గుంట గంగపట్నం దారిలో.
రాత్రి రెండింటికి ఏరియేటర్ చప్పుడు మారితే
నిద్రలోనే తెలుస్తుంది నాకు.
నీళ్ళ మీద ఒక్క రొయ్య తేలితే
మనసులో వెయ్యి తేలతాయి.

ఆ ఏడు అట్టనే, నలభయ్యో రోజు,
పక్క గుంటలో తెల్లమచ్చ అన్నారు.
నా గుంటలో ఏమీ లేదు.
అయినా వల వేయించేశా.
అన్నీ పిల్లలే. వేలెడు లేవు.
లారీ అబ్బాయి మంచుగడ్డ కొడతా అన్నాడు:
"ఇంకో నెల ఆగుంటే అన్నా..."

ఆ మాట నాకు తగిలింది
గుంట కాడ కాదు.

పెళ్ళయి మూడేళ్ళు.
కామాక్షి ఎప్పుడూ ఆ మాట అనలేదు.
అనకపోవడమే వినపడేది.
అటు తిరిగి,
గాజులు చప్పుడు కాకుండా
చెయ్యి తల కింద పెట్టుకునేది.
నేను ఫోను తీసి వాతావరణం చూసేవాణ్ణి.
"బంగాళాఖాతంలో అల్పపీడనం" అనేవాణ్ణి.
"ఊఁ" అనేది.

తర్వాత్తర్వాత గుంట కాడే పడక.
మేత బస్తాల మీద దోమతెర.
కాపలా అంటే ఎవరూ ఏమీ అడగరు.

పాత ఆత్మకూరు బస్టాండు గోడ మీద పసుపు కాగితం.
మెట్లెక్కితే, పేరడక్కుండానే పన్నెండు వేలు అడిగాడు.
రెండు నెలలు నాకినా ఆ లేహ్యం.
ఎక్కువసేపు నిలిచింది
కడుపులో మంట ఒక్కటే.

ఒకరోజు క్యారియరు తెచ్చి, ఆ డబ్బా చూసింది.
"ఇదేంది?"
"రొయ్యలకి."
మూత తీసి వాసన చూసింది.
"రొయ్యలకి తేనె లేహ్యమా?"
నవ్వింది. నేను నవ్వలేకపోయా.
అప్పుడు బస్తా మీద నా పక్కన కూర్చుని,
చేపల పులుసు చల్లారిపోతుంటే,
"ఇద్దరి రోగానికి
నువ్వొక్కడివే మందు తింటావా?" అంది.

పొగతోట. డాక్టర్ జిలానీ గారి బెంచీ మీద
ఆరుగురు మగవాళ్ళం,
ఒకరి మొహం ఒకరం చూసుకోని ఆరుగురం.
లోపల ఆయన చొక్కా కొలతలు అడిగినట్టే అడిగాడు:
మొదట్నించీ ఇంతేనా, మధ్యలో వచ్చిందా?
ఎంతసేపు? నిమిషమా?
షుగరుకీ థైరాయిడుకీ రక్తం తీయించాడు.
కావలి హాస్టల్ సంగతి చెప్పా,
గదికి పద్దెనిమిది మందిమి,
గొళ్ళెం లేని దొడ్డి తలుపుకి
లోపల్నించి కాలు అడ్డం పెట్టి
ఎవరో వస్తున్నారని
ఒంటికి నేర్పిన తొందర.
"కావచ్చు" అన్నాడు. "అదొక్కటే కాకపోవచ్చు.
కొందరి ఒళ్ళే అట్టా ఉంటుంది.
ఇందులో మగతనం తగ్గిందీ లేదు, తప్పూ లేదు.
వైద్యం ఉంది."

ఒక చిన్న మాత్ర రాశాడు.
మాత్ర కంటే పెద్దది నోటితో చెప్పాడు:
అంచు దాకా పోకముందే ఆగాలి.
ఊపిరి తీసుకోవాలి. మళ్ళీ మొదలు.
ఈ నెల గెలుద్దామని చూడొద్దు.
కామాక్షి చీటీ వెనక రాసుకుంది, పచారీ సరుకుల్లాగా.

ఇంటికొచ్చాక తనకే తట్టింది.
"నువ్వు గుంటలో చేసేదే గదా!
గుప్పెడు మేత వేస్తావు,
ట్రే లేపి చూస్తావు,
తిన్నాయా లేదా తెలిసేదాకా
ఇంకో గుప్పెడు వెయ్యవు."
ఆ రాత్రి నుంచి చీకట్లో
తను "చెక్ ట్రే" అంటే నేను ఆగాలి.
మొదటిసారి అన్నప్పుడు
ఇద్దరం ఎంత నవ్వామంటే
పక్క గదిలో మా అమ్మ దగ్గింది.
గొళ్ళెం తలుపుకి ఎప్పుడో పడింది.
నా ఒంటికి పడటానికే
ఇన్ని రాత్రులు పట్టింది.

బాగైపోయానని చెప్పను.
నిన్న రాత్రి మళ్ళీ నలభయ్యో రోజే.
వల వేసేసినట్టు పడున్నా.
కామాక్షి గాజుల చెయ్యి
చప్పుడు చేసుకుంటానే నా రొమ్ము మీద వేసి
"లారీని వెనక్కి పంపించెయ్.
రేపు చూద్దాం" అంది.

ఫోను ఎక్కడుందో చూసుకోలేదు.
తెల్లారుజామున పెద్ద వాన.
అల్పపీడనం సంగతి
నాకు తెలియనే తెలియదు.